అడిగి పిలిచే ఆపా

మొన్న ఆఫీసులో నేను రాసిన ప్రోగ్రాంను చూస్తూ, మా టీంలో కొత్తగా చేరిన పిల్ల ఒక లైన్ దగ్గర ఆగింది.

"అక్కా, ఇక్కడ దీనికి ఈ పని వచ్చా రాదా అని ముందు అడుగుతున్నరు. వస్తదని మనకు తెలుసు కదా. ఈ లైన్ తీసేద్దామా?" అన్నది.

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ లైన్ లేకపోయినా ప్రోగ్రాం నడుస్తది.

"ఉండనీ. అలవాటు," అన్న.

"ఎవరు నేర్పిండ్రు?" అని అడిగింది. మంచినీళ్ళు తాగి వస్తనని లేచి పోయిన.

నేర్పింది ఆపా. ఆమె చనిపోయి పది నెలలయింది. ఆపా అంటే అక్క. ఆమెకు పేరు లేక కాదు, హుస్సేనీ ఆలంలో ఆమెకంటే పెద్దోళ్ళు కూడా ఆపా అనే పిలిచేటోళ్ళు. నేను కూడా ఇక్కడ గట్లనే రాస్త. ఆమె ఎక్కడ చదువుకున్నదో, పెళ్ళి ఎందుకు చేసుకోలేదో నాకు సరిగ్గ తెల్వదు. తెలిసినోళ్ళు చెప్పే కథలు ఒకదానికొకటి పొంతన లేకుండ ఉంటయి. నాకు తెలిసింది నేను చూసిందే.

హుస్సేనీ ఆలంలో పెళ్ళిళ్ళకు వంట చేసే పెద్ద పెద్ద దేగ్‌లు కిరాయికి ఇచ్చే దుకాణం ఒకటుండేది. దాని పైన గదిలో ఆపా ఆడపిల్లలకు కంప్యూటర్ క్లాసు చెప్పేది. ఏడు కంప్యూటర్లు, ఒక ఆకుపచ్చ బోర్డు. కింద దేగ్‌లు దించినప్పుడల్లా పైన మా బల్లలు అదిరేవి. ఆపా మాట ఆపి, చప్పుడు అయిపోయేదాక ఆగి, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టేది. కిందికి పోయి లొల్లి పెట్టుకున్నది ఎన్నడూ చూడలేదు. పెళ్ళిళ్ళ సీజన్లో మాత్రం క్లాసు టైము మార్చాలంటే పొద్దుగాల దుకాణంవాళ్ళనే అడిగేది. "ఇయ్యాల ఎన్ని గంటలకు బండి వస్తది భాయ్?" అని.

అడుగుడే ఆమె గుణం. ఆటో ఎక్కే ముందు డ్రైవర్‌ను అడిగేది, మీ బండి ఆ గల్లీలకు పోతదా, మలుపు దగ్గర తిరుగుతదా అని. మా కీబోర్డు మీద చెయ్యి పెట్టాలన్నా ముందు బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టి, "నేను చూడనా?" అనేది. మేం కుర్చీ జరిపితేనే ముట్టుకునేది. ఒక పిల్లకు చాక్‌పీసు దుమ్ము పడక దగ్గు వస్తే, ఆ పిల్లనే పక్కకు పిలిచి, తడిబట్టతో తుడిస్తే పర్వాలేదా అని అడిగింది. అప్పటి నుంచి బోర్డు తడిబట్టతోనే తుడిచింది. కొందరు నవ్వేటోళ్ళు. గల్లీల ఆమెకు 'అడిగే ఆపా' అని పేరు పడ్డది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"మషీన్‌కు సిగ్గు లేదు బేటీ, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తది," అనేది. "సిగ్గు మనుషులకే. అందుకే మనుషులను మెల్లగ అడగాలె, నలుగురు వినకుండ అడగాలె."

నేను ఆ క్లాసులో చేరేటప్పటికి డిగ్రీ అయిపోయింది. మాది కార్వాన్. బాపు నీళ్ళ పైపులు రిపేరు చేసే సర్కారు కొలువు. నేను టెన్త్ దాక తెలుగు మీడియం. అంతకుముందు వేరే చోట ఒక క్లాసులో చేరిన. మొదటిరోజే లేచి నిలబడి ఇంగ్లీషులో నీ గురించి చెప్పు అన్నరు. రెండు మాటలు చెప్పి నిలబడిపోయిన. ఇరవై మంది చూస్తుండగా కూర్చున్న. మళ్ళీ అక్కడికి పోలేదు. ఆపా దగ్గర మొదటిరోజు కూడా నాకు అదే భయం. ఆమె నా పక్కన స్టూలు వేసుకుని కూర్చొని, "నీకు ఏ భాషల చెప్తే తొందరగ ఎక్కుతది?" అని మెల్లగ అడిగింది. తెలుగు అన్న. "నా తెలుగు గింతే. తప్పులుంటే నవ్వకు," అన్నది. రెండేండ్లు నాకు తెలుగులోనే చెప్పింది.

ప్రోగ్రాం రాసేటోళ్ళకు తెలిసిన సంగతే, తెల్వనోళ్ళ కోసం చెప్తున్న. ప్రోగ్రాంలో ఒక్కో వస్తువుకు కొన్ని పనులు వస్తయి. వచ్చిన పని పేరు పెట్టి పిలిస్తే చేస్తది. రాని పని చెయ్యమంటే ప్రోగ్రాం మొత్తం అక్కడికక్కడ ఆగిపోతది. అందుకని పిలిచే ముందు, 'నీకు ఈ పని వచ్చా?' అని ఆ వస్తువునే అడిగే ఏర్పాటు ఉంటది. ఒక్క లైన్, అంతే.

ఆ పాఠం ఆపా ఎట్ల చెప్పిందో బాగ గుర్తుంది. గోడ మీది స్విచ్‌బోర్డు దగ్గర నిలబడి, "నాలుగు స్విచ్‌లు ఒక్క తీరుగనే ఉన్నయి. రెండోది ఏస్తే ఏమైతది?" అని అడిగింది.

"ఫ్యాన్ తిరుగుతది ఆపా," అన్నం.

వేసింది. ట్యూబ్‌లైటు వెలిగింది.

"స్విచ్ చూసి చెప్పిండ్రు. వెనక ఏమున్నదో అడగలే. పైనుంచి చూస్తే అన్నీ ఒక్క తీరుగనే ఉంటయి. ముందు అడుగు, తర్వాత పిలువు."

నస్రీన్ ఊరుకోలేదు. నస్రీన్ మా క్లాసులో అందరికంటే చురుకైన పిల్ల, మొఘల్‌పురా నుంచి వచ్చేది. "అడిగేదేంది ఆపా? సీదా పిలుద్దాం. రాకపోతే ఎర్రర్ వస్తది. ఆ ఎర్రర్‌ను పట్టుకుంటే అయిపోతది. పుస్తకంల గట్లనే రాసిండ్రు," అన్నది.

ఆపా ఒప్పుకున్నది. "అది కూడ కరెక్టే. మస్తు మంది అట్లనే రాస్తరు. ఇంకోటి కూడ చెప్తా విను. అడిగితే రాదని చెప్పి, పిలిస్తే మాత్రం చేసి పెట్టే వస్తువులు కూడ ఉంటయి. అడుగుడు అన్నిటికీ మందు కాదు. కానీ కొన్ని పనులు సగం అయినంక ఆగిపోతే వాపస్ తీసుకోలేం. అట్లాంటి కాడ అడుగు." బోర్డు దిక్కు తిరిగి, "ఇంకో మాట. రాదని చెప్తే ఏం చేస్తవో కూడ రాయాలె. అది రాయకపోతే అడిగి లాభం లేదు," అన్నది.

నేను ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకున్న. రాసుకున్నంత మాత్రాన వచ్చినట్టు కాదు.

రెండో ఏడు ఆపాకు ఒక పని వచ్చింది. మొఘల్‌పురాలో కొందరు పెద్దమనుషులు చందాలతో నడిపే చిన్న డయాలిసిస్ కేంద్రం. కిడ్నీలు పాడైనోళ్ళకు రక్తం శుభ్రం చేసే మిషన్లు ఆరు ఉండేవి. పేషెంట్లు ముప్పై మంది దాక, ఒక్కొక్కరు వారానికి రెండు మూడుసార్లు రావాలె. ఎవరి టైము ఎప్పుడో, ఏదన్న మారితే ఎప్పుడు రావాలెనో ఫోన్లకు మెసేజ్ పంపే ప్రోగ్రాం కావాలన్నరు. ఆపా ఆ పనిని నాకిచ్చింది. ఇచ్చే ముందు అడిగింది, "చేయగలవా?" అని. చేస్తా అన్న.

నెల రోజులు కూర్చొని రాసిన. పేషెంట్ల లిస్టు తయారు చేసేటప్పుడు ముగ్గురికి ఫోన్లే లేవని తెలిసింది. వాళ్ళకు నంబరు బదులు ఇంటి అడ్రసు రాసుకున్న. వాళ్ళను లిస్టులో వేరే రకంగ పెట్టిన. ఆ రకానికి మెసేజ్ పంపే పని రాదు. వాళ్ళ పేరు చీటీ మీద పడాలె, కేంద్రం నుంచి మనిషి ఇంటికి పోయి చెప్పాలె. ఇదంతా నాకు తెలుసు. చీటీ సంగతి రేపు రాద్దాం, ముందు మెసేజ్‌లు పోతున్నయా చూద్దాం అనుకున్న. నావి, నస్రీన్‌వి, మా చుట్టాలవి ఐదు నంబర్లు పెట్టి నడిపి చూసిన. ఐదుగురికీ మెసేజ్ వచ్చింది. ఆ సంతోషంలో మిగతాది మర్చిపోయిన.

ప్రోగ్రాం ఇచ్చే రోజు ఆపా అడిగింది. "పంపే ముందు అడిగే లైన్ పెట్టినవా?"

"పెట్టిన ఆపా," అన్న.

ఎందుకట్ల అన్ననో ఇప్పటికీ చెప్పలేను. సాయంత్రం ఇంటికి పోయి పెడదాం అనుకున్నట్టున్న. ఆ సాయంత్రం పెట్టలేదు. తెల్లారి కూడా పెట్టలేదు. ఆపా నా మాట నమ్మి, తెరిచి చూడలేదు.

మూడు వారాలు ఏం కాలేదు. అప్పటిదాక రోజుకు ఇద్దరు ముగ్గురికే మెసేజ్ పంపే అవసరం పడ్డది, వాళ్ళందరికీ ఫోన్లున్నయి. నాలుగో వారం కేంద్రంలో నీళ్ళు శుద్ధి చేసే యంత్రం రిపేరుకు వచ్చింది. గురువారం మధ్యాహ్నం రెండింటి నుంచి బంద్ పెట్టాలె. గురువారం వంతులన్నీ మధ్యాహ్నం తర్వాతవే గనక, ఆ పేషెంట్లందరూ ఆ రోజు పొద్దున ఆరింటి నుంచే రావాలని బుధవారం పొద్దున అందరికీ ఒకేసారి మెసేజ్ పంపిండ్రు. కౌంటర్ దగ్గరి అమ్మాయి బటన్ నొక్కింది, 'పోతున్నయి' అని తెర మీద పడ్డది, ఆమె తన పనిలో పడిపోయింది. లిస్టులో నాలుగో పేరు ఫోన్ లేని మనిషిది. ప్రోగ్రాం ఆ పేరును మెసేజ్ పంపమని పిలిచింది. ఆ పని రాని వస్తువు గనక అక్కడే ఆగిపోయింది. ముగ్గురికి పోయింది. మిగతా తొమ్మిది మందికి పోలేదు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి ఆపా నాకు ఫోన్ చేసింది. "బేటీ, పేషెంట్లు రాలే. జల్దీ రా," అన్నది అంతే. పురానాపూల్ దాటి ఆటోలో పోయేసరికి ఆరు మిషన్లలో మూడు ఖాళీగ ఉన్నయి. కౌంటర్ అమ్మాయి ఒక్కొక్కరికి ఫోన్ చేస్తున్నది. ఆపా కంప్యూటర్ ముందు కూర్చొని నా ప్రోగ్రాం తెరిచి చూస్తున్నది. నన్ను చూసి కుర్చీ కొంచెం జరిపింది. తెర మీద ఆ లైన్ ఉండాల్సిన చోటు కనబడ్డది. అక్కడ ఏం లేదు.

ఆపా లేచి నిలబడ్డది. "ఫోన్ లేనోళ్ళు ముగ్గురు. ఒకరు హుస్సేనీ ఆలం, నేను పోత. ఒకరు ఈ గల్లీలనే. కార్వాన్‌ల తాత దగ్గరికి నువ్వు పోతవా?" అని అడిగింది.

తాత అంటే గోడలు కట్టే సుతారి పని చేసి ముసలితనంతోటి మానేసిన మనిషి. మా ఇంటికి నాలుగు గల్లీల అవతల ఉంటడు. నేను పోయేసరికి గడప మీద కూర్చొని ఎండకు కాళ్ళు చాపుకున్నడు. కాళ్ళు ఉబ్బి ఉన్నయి. "నా వంతు పగటీలి గదా బిడ్డా," అన్నడు. టైము మారింది, జల్దీ రావాలె తాతా అని చెప్పి, ఆయన అంగీ వేసుకునేదాక నిలబడి, ఆటోలో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చిన. కేంద్రం దగ్గరికి వచ్చేసరికి పదకొండు దాటింది. అప్పటికే ఫోన్లకు అందినోళ్ళు వచ్చి మిషన్లన్నీ నిండినయి. ఒక్కొక్కరికి నాలుగు గంటలు పడతది. రిపేరువాళ్ళను బతిమాలి మూడింటి దాక ఆపిండ్రు. అయినా ముగ్గురికి వంతు రాలేదు. ఆ ముగ్గురిలో తాత ఒకడు. శనివారం రమ్మన్నరు.

శనివారం దాక ఆయన ఆగలేకపోయిండు. శుక్రవారం ఒంట్లో నీరు చేరి ఊపిరి ఆడలేదు. ఇంటోళ్ళు పెద్దాసుపత్రికి ఎత్తుకపోయిండ్రు. మూడు రోజులు అక్కడున్నడు. బతికిండు.

ఆ శుక్రవారమే కేంద్రం మేనేజర్ సాబ్ మమ్మల్ని పిలిచిండు. తెల్లని గడ్డం, మెత్తగ మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం మెత్తగ లేడు. "ఇది ఎవరి తప్పు?" అన్నడు.

నేను నోరు తెరిచిన. మాట బయటికి వచ్చేలోపల ఆపా అన్నది, "నాది. ఇచ్చే ముందు చూడాల్సింది నేను. చూడకుండ ఇచ్చిన."

మేనేజర్ సాబ్ కాసేపు ఆమెను చూసిండు. ఆయన కోపం సగం దిగిపోయింది. అంత పెద్దమనిషి ఎదుట నిలబడి నాది అంటే ఇంకేం అంటడు. "సరే, బాగుచేసి ఇయ్యండి," అన్నడు. నేను నోరు మూసుకున్న. ఆ రోజే నాతోటి ఆ లైన్ రాయించింది, రాదంటే చీటీ పడే ఏర్పాటు రాయించింది, ముప్పై పేర్లూ పెట్టి నా పక్కన కూర్చొని నడిపించింది. నేను పెట్టిన అని చెప్పిన అబద్ధం గురించి ఒక్క మాట ఎత్తలేదు.

తర్వాత ఆరు నెలల్లో ఏం జరిగిందంటే, ఏం జరగలేదు. క్లాసు నడిచింది. ఆపా నాతో ఎప్పటిలాగనే మాట్లాడింది. కానీ బయటి నుంచి ఏ పని వచ్చినా నస్రీన్‌కు పోయేది. నాకు కొత్త పిల్లల నోట్‌బుక్కులు చూసే పని దొరికేది. నేనే ఏదో ఊహించుకుంటున్న అనుకున్న.

ఒకరోజు నస్రీన్ మెట్ల మీద ఎదురై, మాదాపూర్‌లో ఒక కంపెనీవాళ్ళు ఆపాను మంచి పిల్ల ఉంటే పంపమన్నరనీ, ఆపా తన పేరు ఇచ్చిందనీ చెప్పింది. సంతోషంగ చెప్పింది పాపం, నా మొఖం చూసి ఆగిపోయింది. నేను పైకి పోయిన. ఆపా ఒక్కతే ఉంది, బోర్డు తుడుస్తున్నది.

"నన్నెందుకు అడగలేదు ఆపా?" అన్న.

ఆమెకు వెంటనే అర్థమయింది. "వాళ్ళకు ఫోన్ల ఇంగ్లీషుల మాట్లాడే పిల్ల కావాలన్నరు."

"నాకు రాదని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలే. నేనే అనుకున్న."

"అందరినీ ముందు అడగమని చెప్తరు. ఆటోవాణ్ణి అడుగుతరు. నన్ను మాత్రం అడగలేదు. నా బదులు మీరే జవాబు చెప్పుకున్నరు." ఆపుదామనుకున్న గానీ ఆగలేదు. "డయాలిసిస్ కాడ కూడ అంతే. నేను చెప్పబోయిన. మీరు చెప్పనియ్యలే. తప్పు మీ మీద ఏసుకున్నరు, మళ్ళ నా మీద నమ్మకం తీసేసిండ్రు. ఒక్క తిట్టు తిట్టినా మంచిగుండు."

ఆపా తడిబట్టను బల్ల మీద పెట్టి కూర్చున్నది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది, మళ్ళీ పెట్టుకోలేదు.

"నిన్ను కాపాడుతున్న అనుకున్న," అన్నది. "నువ్వు తట్టుకోలేవని అనుకున్న. అనుకున్న అంతే. అడగలే." అద్దాలు బల్ల మీద పెట్టి, "ఇప్పుడు అడుగుత. ఆ కంపెనీకి పోతవా?"

"పోత."

"మేనేజర్ సాబ్ కాడికి పోయి చెప్తవా?"

కింద దేగ్ ఒకటి దొర్లించిన చప్పుడయింది. ఆమె తొందరపెట్టలేదు.

"చెప్త," అన్న.

నా ముందే కంపెనీకి ఫోన్ చేసి, "ఇంకో పిల్ల ఉన్నది, నేనే చెప్పుడు మర్చిపోయిన," అన్నది. వాళ్ళు ఒప్పుకున్నరు.

రెండు రోజుల తర్వాత, పొద్దున్నే ఇద్దరం కేంద్రానికి పోయినం. మేనేజర్ సాబ్ మిషన్ల గదిలో ఉన్నడు. తాత మూడో మిషన్ మీద పడుకొని ఉన్నడు. ఆయన ఉంటడని నాకు తెల్వదు. ఒక్క క్షణం వెనక్కి పోదామనిపించింది. తర్వాత, ఈయన వినాల్సిందే కదా అనుకున్న.

"సార్, అప్పటి తప్పు ఆపాది కాదు. ప్రోగ్రాం రాసింది నేను. ఆ లైన్ పెట్టినవా అని ఆపా అడిగితే పెట్టిన అని అబద్ధం చెప్పిన," అన్న.

మేనేజర్ సాబ్ ఆపా దిక్కు తిరిగిండు. "మరి మీరు మీదని చెప్పిండ్రు కదా?"

"హౌ, చెప్పిన," అన్నది ఆపా. "సగం నాది. మొత్తం నాదని చెప్పిన."

"ఈ మాట అప్పుడే తెలిస్తే ఈ పని మీ దగ్గర ఉంచకపోదును," అన్నడాయన. మాట గట్టిగ లేదు, అందుకే ఎక్కువ తాకింది. "ఇప్పుడు నడుస్తున్నది కాబట్టి ఉండనీ. కొత్త పని గురించి మాత్రం నేను ఆలోచించుకోవాలె." తర్వాత ఆ కేంద్రం నుంచి ఆపాకు ఏ పనీ రాలేదు. అది కూడా నా ఖాతాలోదే.

తాత అంతా విన్నడు. సూదులు గుచ్చిన చెయ్యి కదపరాదు, అందుకని తల ఒక్కటి నా దిక్కు తిప్పిండు.

"గా రోజు నా పానం పోతదనుకున్న బిడ్డా," అన్నడు. "మా ముసల్ది గుండెలు కొట్టుకుంట ఏడ్చింది. గది నువ్వు మర్చిపోవద్దు."

"మర్చిపోను తాతా."

"ఇప్పుడు మా అసోంటోళ్ళకు ఎట్ల చెప్తున్నరు?"

"ఫోన్ లేనోళ్ళ పేరు చీటీ మీద పడతది. మనిషి ఇంటికొచ్చి చెప్తడు."

"మొన్న వచ్చిండు. వాన పడుతున్నా వచ్చిండు," అని మళ్ళీ తల అటు తిప్పుకున్నడు. పోనీలే అనలేదు, క్షమించిన అనలేదు. అనకపోయినందుకే నాకు ఆయన మీద గౌరవం.

కంపెనీ ఇంటర్వ్యూకు నస్రీన్, నేను కలిసి పోయినం. ఉద్యోగం నస్రీన్‌కు వచ్చింది. ఫోన్‌లో ఇంగ్లీషు నాకు నిజంగనే రాలేదు. మూడో ప్రశ్న దగ్గర మాటలు దొరకలేదు. వచ్చి ఆపాకు చెప్పిన. 'నేను ముందే అనుకున్న' అనే చూపు ఆమె మొఖంలో వెతికిన. లేదు. "ఏ ప్రశ్న దగ్గర ఆగినవు?" అని అడిగింది. ఆ ప్రశ్న రాసుకున్నది. మర్నాటి నుంచి రోజూ అరగంట నాతో ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడింది. ఆమె గదిలో ఒక మూల, నేను బయట మెట్ల మీద. ఆమె ఇంగ్లీషు కూడా అంత గొప్పదేం కాదు. ఇద్దరం తప్పులు చేసుకుంట మాట్లాడుకున్నం. ఎనిమిది నెలలకు వేరే కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉన్న.

ఉద్యోగంలో పడ్డంక ఆమె దగ్గరికి పోవుడు తగ్గింది. పండుగకు ఫోన్ చేసేదాన్ని. "మాట్లాడే టైమున్నదా?" అని ఆమే అడిగేది, ఫోన్ చేసింది నేనైనా. చనిపోయిన సంగతి నస్రీన్ చెప్పింది. గుండె ఆగిపోయిందట, పొద్దున నమాజు చదివి కూర్చున్న చోటనే. నేను పోయేసరికి ఆడోళ్ళు గది నిండ ఉన్నరు. సగం మంది మా క్లాసు పిల్లలే, చంకల్లో పిల్లలతోటి.

మేనేజర్ సాబ్‌కు నిజం చెప్పిన పొద్దున, కేంద్రం నుంచి వాపస్ వచ్చేటప్పుడు జరిగిన సంగతి ఒకటి నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె ఉన్నన్ని రోజులు చెప్పాలనిపించలేదు.

ఆటోలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నం. నాకు ఒళ్ళంతా తేలికైనట్టుంది. ఆపా మాత్రం బయటికి చూస్తూ కూర్చున్నది. సగం దూరం పోయినంక, ఎదురుంగ చూస్తూనే అన్నది.

"ఒక మాట చెప్పాలె బేటీ. ఆ రోజు మేనేజర్ సాబ్ ముందల తప్పు నాది అన్నప్పుడు నాకు బాధ కాలే. మంచిగనిపించింది. ఆయన నన్ను ఎంత పెద్దమనిషి అనుకుంట చూసిండు. నువ్వు కూడ గట్లనే చూసినవు. ఇంటికి పోయి కడుపు నిండ తిన్న, మంచిగ పండుకున్న. నువ్వేం చేస్తున్నవో నాకు యాదికే రాలే."

నేను ఆమె దిక్కు తిరిగిన.

"ఆ రోజు నువ్వు తిన్నవా?" అన్నది.

"లేదు ఆపా. రెండు రోజులు తినలే."

ఆమె తల ఊపింది. కాసేపటికి డ్రైవర్ భుజం తట్టి ఆటో ఆపించింది. రోడ్డు పక్కన చిన్న హోటల్, పొద్దటి గిరాకీ ఇంకా ఉంది. లోపలికి పోయి రెండు ప్లేట్ల ఖిచిడీ, పుల్లటి ఖట్టా చెప్పింది. ఎదురెదురుగ కూర్చున్నం. ఆపా రెండు ముద్దలు తిని ప్లేటు పక్కకు జరిపింది. నేను తినేదాక అట్లనే కూర్చున్నది. నేను మొత్తం తిన్న.